చీటీ తీయని సారు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి, చీరల కొట్ల మధ్యనుంచి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కిందనుంచి జనాన్ని తప్పించుకుంటూ నడిస్తే ఒక సందులో ప్రసన్నకుమార్ పాఠం చెప్పే గది వస్తుంది. కింద చీరల కొట్టు, మధ్యలో కళ్లజోళ్ల షాపు, మూడో అంతస్తులో సైన్యానికి కాబోయే అధికారులు. లిఫ్టు ఉంది గానీ అది నడవగా చూసినవాళ్లు లేరు. మెట్లెక్కలేనివాడు సైన్యానికేం పనికొస్తాడని ఓనరు దాన్ని బాగుచేయించడం మానేశాడని పిల్లలు చెప్పుకుని నవ్వుకుంటారు.

ప్రసన్నకుమార్‌ది రేపల్లె. కుర్రతనంలో తానూ సైన్యంలో అధికారి కావాలని వెళ్లాడు. ఇంటర్వ్యూల్లో చివరి రోజు దాకా నిలిచి, ఆ చివరి రోజునే వెనక్కి వచ్చేశాడు. ఊళ్లో మొహం చూపించలేక హైదరాబాద్‌లో దిగి, తనకు దక్కనిది పదిమందికీ దక్కేలా చేసే పనిలో పడ్డాడు. ఇప్పుడు యాభై దాటాయి. ఆయన నేర్పేది గ్రూప్ డిస్కషన్. అంటే కొంతమందిని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక విషయం ఇస్తే, అరవకుండా, పక్కవాడి మాట మింగేయకుండా, తన మాట తాను చెప్పడం. మన ఇళ్లలో పెళ్లిమాటలప్పుడు ఎవరికీ చేతకాని విద్య అది.

ఆయన పద్ధతి ఆయనది. బల్లమీద ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. అందులో మడత పెట్టిన చీటీలు. సగం చీటీల మీద ‘ఔను’, సగం మీద ‘కాదు’. ఎవరి చేతికి ఏది వస్తే వాళ్లు ఆ పక్షం వాదించాలి. వాదన బాగా వేడెక్కి, ఎవరి పక్షం వాళ్లకు నిజంగానే నచ్చేసిన సమయం చూసి ఆయన చెంచాతో గ్లాసును టంగుమని కొడతాడు. “మారండి!” అంటాడు. అంతే, ఔనన్నవాళ్లు కాదనాలి, కాదన్నవాళ్లు ఔననాలి. కొత్తగా చేరినవాళ్లు గుడ్లు తేలేస్తారు. వారం తిరిగేసరికి చొక్కా విప్పి చొక్కా వేసుకున్నంత సులువుగా మారిపోతారు. సెలక్షన్లలో ఆయన శిష్యులు ఎదుటివాడి మాట అంత ఓపిగ్గా వింటారంటే దాని వెనక ఉన్నది ఈ గ్లాసే.

“మరి మీరేమంటారు సార్?” అని ఎవరో ఒకరు ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు.

“మోడరేటరు చీటీ తీయడు,” అంటాడు ఆయన. పిల్లలు ఆ మాటకు ముచ్చటపడి నోట్సులో రాసుకుంటారు.

తరగతిలో ఎంత అందంగా ఉన్నా ఇంట్లో ఆ మాటకు చిరాకే వస్తుంది. ఆయన భార్య సూర్యప్రభ ఎల్బీనగర్‌లో ఒక ఆస్పత్రి మందుల కౌంటరులో పని చేస్తుంది. రోజంతా నిలబడి వచ్చి, వంకాయ చేయనా బెండకాయ చేయనా అని అడిగితే, ఈయన వంకాయలోని మంచీ బెండకాయలోని మంచీ వివరంగా చెప్పి పేపరు తీసుకుంటాడు. ఆ పేపరు కూడా పొద్దున్నే సూర్యప్రభ చదివిన తర్వాతే ముట్టుకుంటాడు. ఎందుకని ఆమె ఎన్నడూ అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. భర్తలకు ఇలాంటి పిచ్చి అలవాట్లు ఏవో ఒకటి ఉంటాయని ఆమె ఊరుకుంది.

ఇదంతా పుట్టుకతో వచ్చిన గుణం కాదు. రాష్ట్రం విడిపోవాలా కలిసుండాలా అని ఊరంతా రెండుగా మాట్లాడుకున్న రోజుల్లో వాళ్లు కొత్తపేటలో కిరాయికి ఉండేవాళ్లు. ఇంటి ఓనరుది నల్గొండ వైపు ఊరు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని, “మీరేమంటరు సారూ, మాది న్యాయమైన మాటనా కాదా?” అని అడిగేవాడు. “న్యాయమేనండీ” అనేవాడు ప్రసన్నకుమార్. ఆ తర్వాత గంటకే రేపల్లె నుంచి అన్నగారు ఫోన్ చేసి ఆవేశపడితే, “నువ్వన్నదీ నిజమే అన్నయ్యా” అనేవాడు. ఒక సాయంత్రం ఈ రెండు మాటలూ విన్న ఏడేళ్ల కూతురు తేజస్విని, “నాన్నా, మనం ఎటు?” అని అడిగింది. ఆయన దాన్ని రోడ్డు దాటించి ఐస్‌క్రీం కొనిపెట్టాడు. ఆ రోజుల్లో ఆ జవాబు తప్పేమీ కాదు. పిల్ల చదువు, ఓనరుతో మంచితనం, తరగతిలో రెండు ప్రాంతాల పిల్లలూ పక్కపక్కన కూర్చోవడం, అన్నీ దానిమీదే నిలబడ్డాయి. రోజులు గడిచినా, రాష్ట్రం ఏర్పడి ఓనరూ అన్నగారూ ఇద్దరూ వేరే విషయాల మీద వాదించుకోవడం మొదలుపెట్టినా, ఆయన మాత్రం ఆ మెట్ల మీదినుంచి లేవలేదు.

రెండేళ్ల కిందట ఆయన్ని అడగకూడని ప్రశ్న అడిగింది కౌసల్యమ్మ. కొత్తపేట రైతుబజారులో కూరగాయలు అమ్ముతుంది. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల కౌలుకు తీసుకున్న చెలకలో పండించినవి తెల్లారకముందే ఆటోలో వేసుకుని వస్తుంది. ఆమె కొడుకు శేఖర్ డిగ్రీ చదివి, ఈ గ్లాసు ముందే కూర్చుని మాట నేర్చుకుని, సైన్యానికి ఎంపికయ్యాడు. సెంటర్లో లడ్డూలు పంచారు, బోర్డు మీద శేఖర్ ఫొటో పెట్టారు. ఆ వారం ప్రసన్నకుమార్ బెండకాయలకు వెళితే ఆమె సంచి పక్కన పెట్టి ఆయన్ని నిలబెట్టింది.

“సారూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. నీ బిడ్డయితే మిల్ట్రీకి తోలిస్తవా?”

ప్రసన్నకుమార్ అలవాటు చొప్పున మొదలుపెట్టాడు. దేశసేవ గొప్పదన్నాడు. తల్లి మనసు కూడా అర్థం చేసుకోదగ్గదేనన్నాడు. ప్రమాదం ఉందన్నాడు, గౌరవమూ ఉందన్నాడు. కౌసల్యమ్మ చివరిదాకా విన్నది.

“నువ్వు జెప్పింది నాకు సమజ్ కాలే సారూ. ఔనంటె ఔనను, కాదంటె కాదను.”

“నేను చెప్పకూడదమ్మా. అది మీరూ శేఖరూ తేల్చుకోవాల్సింది.”

“గట్లనా,” అని ఆమె బెండకాయలు తూచింది. శేఖర్ వెళ్లిపోయాడు. ట్రైనింగు ముగించి లెఫ్టినెంటై ఉత్తరాన ఎక్కడో మంచుకొండల్లో ఉన్నాడని ప్రసన్నకుమార్‌కు తెలిసింది. ఆ తర్వాత నుంచి ఆయన కూరగాయలు బండివాడి దగ్గర కొనడం మొదలుపెట్టాడు. రైతుబజారులో జనం ఎక్కువ, నిలబడలేనని భార్యకు చెప్పాడు.

ఈ వేసవిలో సముద్రాల అవతల రెండు పెద్ద రాజ్యాలు ఒకదానిమీదికి ఒకటి కాలు దువ్వాయి. టీవీ పెడితే చాలు మ్యాపులు, బాణం గుర్తులు. టిఫిన్ సెంటర్ల ముందు ఇడ్లీ నములుతూ ఏ క్షిపణి ఎంతదూరం పోతుందో చెప్పగలిగినవాళ్లు అకస్మాత్తుగా ఎక్కువయ్యారు. మనం గట్టిగా ఆయుధాలు సమకూర్చుకుని ఒక పక్షాన నిలబడాలని కొందరు, మనకెందుకొచ్చిన గొడవ, దూరంగా ఉండాలని కొందరు. అంత వేడి విషయం దొరికితే ప్రసన్నకుమార్ వదులుతాడా? బోర్డు మీద రాసి గ్లాసు ముందుకు తోశాడు.

వంశీకృష్ణ అనే కాకినాడ కుర్రాడికి ఆయుధాల పక్షం వచ్చింది. చౌటుప్పల్ నుంచి రోజూ బస్సులో వచ్చే రమ్యకు తటస్థ పక్షం. సెంటర్లో వాదన ఎప్పుడూ ఇంగ్లీషులో మొదలై, వేడెక్కగానే తెలుగులోకి దిగుతుంది. ఆ రోజు చాలా త్వరగా దిగింది.

“సరిహద్దులకు అవతల ఎవరున్నారో తెలిసీ తలుపు గడియ లేకుండా ఎలా పడుకుంటాం?” అన్నాడు వంశీకృష్ణ. “అరవై రెండులో చైనాతో యుద్ధమప్పుడు మన మంచితనాన్ని మనమే నమ్ముకుని, చలికోటు సరిగా లేనివాళ్లని కొండలెక్కించాం. యుద్ధం వచ్చాక తుపాకులు కొంటామంటే ఎవరూ ఆగరు. ముందే సిద్ధంగా ఉండాలి. సిద్ధంగా ఉన్నవాడి జోలికి ఎవరూ రారు.”

రమ్య ఆగి మాట్లాడింది. “మా నాయన కువైట్‌ల ట్రక్కు నడుపుతడు. మనం ఫలానా దిక్కు అని ఇక్కడ జెప్పిన తెల్లారి, అక్కడ ఆయనను ఏమని చూస్తరు? గట్ల లక్షల మంది ఉన్నరు. విమానాలు కొననీకి పైసలుంటయ్ సరే, గాళ్లందరిని ఇంటికి తెచ్చుకోనీకి విమానాలు ఉంటయా? తటస్థం అంటె భయం గాదు. మనోళ్లు అందరి ఇండ్లల్ల పని జేస్తున్నరు గనక మనం తటస్థం.”

ప్రసన్నకుమార్ చెంచా అందుకుని గ్లాసు మోగించాడు. “మారండి!”

వంశీకృష్ణ తడబడ్డాడు. యుద్ధవిమానం ఖరీదులో ఎన్ని ఆస్పత్రులు వస్తాయో చెప్పబోయి లెక్క తప్పాడు. తర్వాత సర్దుకుని, “మనం బలం పెంచితే పక్కవాడూ పెంచుతాడు. ఇద్దరి చేతుల్లోనూ అగ్గిపెట్టెలుంటే ఎవరో ఒకరు గీస్తారు,” అన్నాడు. రమ్య మాత్రం కళ్లు మూసి తెరిచేలోగా మారిపోయింది. “తటస్థంగ ఉండాలన్నా బలం కావాలె. బలం లేనోడు నేను ఎటూ కాదంటె ఎవడింటడు? ఇద్దరు కొట్లాడుకుంట మన ఇంట్లకొస్తె, మాకు సంబంధం లేదంటె ఊకుంటరా?”

అంతటితో ఆగితే బాగుండేది. కానీ రమ్య ఆయనవైపు తిరిగింది. “సార్, ఒక డౌటు. తటస్థం అంటె ఏ పక్షమూ లేకపోవుడా, ఉండి గూడ చెప్పకపోవుడా?”

కిటికీ బయట మెట్రో రైలు గదిని ఊపేస్తూ పోయింది. అది పోయేదాకా మాట్లాడే వీలు లేదు. ప్రసన్నకుమార్‌కు ఆ రైలుకు ఇంకో నాలుగు పెట్టెలు ఉంటే బాగుండుననిపించింది. “గుడ్ పాయింట్,” అని బోర్డు తుడిచాడు.

ఆయన కంగారు ఊరికే రాలేదు. అదే ప్రశ్న వారం రోజులుగా ఇంట్లో ఆయన నెత్తిమీద కూర్చుని ఉంది. తేజస్విని సైన్యానికి ఎంపికైంది. చిన్నప్పుడు ఆదివారాలు తండ్రి తరగతిలో వెనక బెంచీలో కూర్చుని బొమ్మలు గీసుకున్న పిల్ల, కాలేజీలో ఎన్‌సీసీలో చేరి, బీటెక్ చివర్లో పరీక్ష రాసి, ఒక్కరోజు కూడా తండ్రి సాయం అడగకుండా నెగ్గుకొచ్చింది. చెన్నైలో ట్రైనింగుకు రమ్మని పిలుపు వచ్చింది. మాదాపూర్‌లో ఒక కంపెనీ ఉద్యోగమూ చేతిలో ఉంది. ఏదో ఒకదానికి సోమవారంలోగా ఖరారు చెప్పాలి.

మామూలు రోజులైతే సూర్యప్రభ ఏడ్చి ఒప్పుకునేదేమో. ఈ రోజుల్లో ఆమె ఏడవలేదు, ఒప్పుకోనూ లేదు. “టీవీలో అదంతా చూస్తూ నా పిల్లని నేను పంపను,” అని మాత్రం అంది. తేజస్విని తల్లితో వాదించింది, రెండు రోజులు మాట్లాడటం మానేసింది, ఆఖరికి తండ్రి దగ్గరికి వచ్చింది.

“నువ్వు చెప్పినట్టే చేస్తానని అనను నాన్నా. కానీ నువ్వేమనుకుంటున్నావో తెలియకుండా నేను కదలలేను. వెళ్లనా, వద్దా?”

ఆయన గొంతు సవరించుకుని, వెళ్లడంలో ఉన్న మంచి గురించి కాసేపు, ఉండిపోవడంలో ఉన్న మంచి గురించి కాసేపు చెప్పాడు. రెండూ చక్కగా తూగాయి. తరగతిలో అయితే చప్పట్లు పడేవి.

“నేనడిగింది గ్రూప్ డిస్కషన్ కాదు,” అంది తేజస్విని. “మనం ఎటు నాన్నా?”

ఏడేళ్లప్పటి గొంతు అందులో వినిపించి ఆయన తలుపు వైపు చూశాడు. ఈసారి ఐస్‌క్రీం కొనిపెట్టి తప్పించుకోవడానికి లేదు. వంటింట్లోంచి సూర్యప్రభ అంది, “ఊళ్లోవాళ్ల పిల్లలు సెలెక్టయితే లడ్డూలు పంచారు. అప్పుడు మీకు ఒకటే పక్షం. మన పిల్ల దగ్గరికొచ్చేసరికి రెండు పక్షాలా?”

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. గుచ్చుకున్న మనిషి ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఆయన తేల్చుకున్నదల్లా మర్నాడు సెంటరు నుంచి స్టీలు గ్లాసును సంచిలో వేసుకుని ఇంటికి తేవడం. ఇంతమందికి బుద్ధులు చెప్పినవాడికి పెళ్లాం పిల్లల ముందు చీటీల గ్లాసు పెట్టకూడదని తెలియదా అంటే, తెలియదు. ఇరవై ఏళ్లుగా ప్రతి తగాదానూ ఆ గ్లాసే తీర్చింది. ఒకరి పక్షం ఒకరు మాట్లాడితే ఒకరికొకరు అర్థమవుతారని ఆయన మనసారా నమ్మాడు. అలా అర్థమైపోతే తనను ఎవరూ ఏమీ అడగరని కూడా లోపల ఎక్కడో ఒక ఆశ.

ఆదివారం సాయంత్రం రెండు చీటీలు కొత్తగా రాసి వేసి, డైనింగ్ టేబులు మీద గ్లాసు పెట్టాడు. సూర్యప్రభ దానివైపు చూసి, ఆయనవైపు చూసింది.

“మీకేమైనా పిచ్చి పట్టిందా?”

“ఒక్క పది నిమిషాలు.”

“పొయ్యి మీద పప్పుంది. త్వరగా కానివ్వండి.” ఆమెకు కోపంతోపాటు కుతూహలమూ ఉంది. ఇన్నేళ్లూ ఈ గ్లాసు గురించి వినడమే గానీ ఎన్నడూ చూడలేదు. చెయ్యి పెట్టి చీటీ తీసింది. ‘వెళ్లాలి’. మిగిలిన చీటీ తేజస్వినిది. ‘వెళ్లకూడదు’.

సూర్యప్రభ ఆ చీటీని బల్లమీద పడేసి, చాలాసేపు చీర కొంగు మడతపెట్టుకుంటూ కూర్చుంది. తర్వాత, ఎవరినో తిడుతున్నట్టు మొదలుపెట్టింది.

“వెళ్లాలి. ఎందుకంటే... ఇది ఎత్తైన చోటు చూస్తే చిన్నప్పటినుంచీ ఆగదు. ఆ కిరాయి ఇంట్లో నీళ్ల ట్యాంకు మీదికెక్కి కూర్చుంటే కింద మేమంతా ఏడుస్తున్నాం, ఇది పైనుంచి నవ్వుతోంది. ఇలాంటిదాన్ని ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, హమ్మయ్య భద్రంగా ఉంది అనుకుంటే, భద్రంగా ఉండేది నేను. ఇది కాదు.” ఆమె ఆగింది. తన నోటినుంచి వచ్చిన మాట తనకే కొత్తగా వినిపించినట్టుంది. “ఇంట్లో కూర్చున్నవాళ్లు మా కౌంటరుకు రావడం లేదా? ఎల్బీనగర్ రోడ్డు దాటబోయి వచ్చేవాళ్లే రోజుకు ఎంతమంది! దేన్నుంచి దాచిపెట్టను దీన్ని? వెళ్లాలి. నా చీటీ అయిపోయింది.”

ప్రసన్నకుమార్ ముఖం వెలిగిపోయింది. గ్లాసు పని చేస్తోంది. కూతురి వైపు తిరిగాడు.

తేజస్విని వెనక బెంచీలో నేర్చుకున్న పద్ధతిలో నిటారుగా కూర్చుని, చక్కటి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. యుద్ధం ఖర్చు, చదువు వృథా కావడం, తల్లిదండ్రుల వయసు. మూడో మాట దగ్గర ఇంగ్లీషు ఆగిపోయింది.

“నాకు యూనిఫాం ఇష్టం. యుద్ధం గురించి నాకు తెలియదు. ఎన్‌సీసీ క్యాంపులో టార్గెట్ బోర్డు మీద కాల్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బోర్డు మనిషి ఆకారంలో ఉంది. దగ్గరికి వెళ్లి నా బుల్లెట్లు ఎక్కడ తగిలాయో చూసుకున్నప్పుడు నాకు వాంతి వచ్చినట్టయింది. ఎవరికీ చెప్పలేదు. నేను చచ్చిపోతానని కాదు భయం. నేను పదండి అంటే నా మాట నమ్మి నా వెనక నడిచినవాళ్లు పోతే? వాళ్ల అమ్మలకు నేనేం చెప్పాలి? రోజూ రాత్రి ఇదే. అమ్మతో చెబితే, చూశావా నేను చెప్పానుగా అంటుంది. నీతో చెబితే దానికి కూడా రెండు వైపులూ చెబుతావు. ఇంక ఎవరితో చెప్పుకోవాలి నాన్నా?”

ప్రసన్నకుమార్‌కు ఏం చేయాలో తోచలేదు. చేతికి తోచింది. చెంచా గ్లాసుకు తగిలింది.

“మారండి,” అన్నాడు.

ఇద్దరూ ఆయన్ని చూశారు. ఎవరూ మారలేదు. వంటింట్లో పప్పు మాడిన వాసన వచ్చింది. సూర్యప్రభ లేచివెళ్లి పొయ్యి ఆపి వచ్చింది. “నా వల్ల కాదు. ఒకసారి అనేశాక వెనక్కి తీసుకోవడం నాకు రాదు. మీరు చెప్పండి ఇప్పుడు.”

“మోడరేటరు...”

“చీటీ వద్దులే నాన్నా. ఊరికే చెప్పు,” అంది తేజస్విని.

ప్రసన్నకుమార్ నోరు తెరిచాడు. ముందుగా వెళ్లడంలోని మంచి చెబుదామనుకున్నాడు. వచ్చిన మాట వేరు.

“వద్దు. నువ్వు వెళ్లడం నాకు ఇష్టం లేదు.”

అన్నాక ఇంక ఆగలేదు. “పొద్దున పేపరు మీ అమ్మ చదివాక ఎందుకు తీస్తానో తెలుసా? అందులో నేను పంపినవాళ్ల పేరేదైనా ఉంటే ఆమె మొహంలో తెలుస్తుందని. ఆమె మొహం మామూలుగా ఉంటే అప్పుడు టీ తాగుతాను. రోజూ ఇంతే. ఇంతమంది గురించి భయపడుతూ బతుకుతున్నాను. ఇంకొక్కరికి నాలో చోటు లేదు తల్లీ. వద్దు.”

సూర్యప్రభ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ల పేపరు సంగతి ఆమెకు ఇప్పుడు తెలిసింది.

చిత్రంగా తేజస్విని ముఖంలో బరువు దిగింది. ఏడుస్తూనే నవ్వింది. “అమ్మయ్య. ఇప్పుడు నాకు ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు.” కళ్లు తుడుచుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది. “సరే, విను. నువ్వు పంపినవాళ్ల ఇళ్లలో కూడా ఎవరో ఒక నాన్న వద్దనే అనుకుని ఉంటాడు కదా?”

“అనుకుని ఉంటాడు. ఆయనది ఆయనిష్టం. నాది నేను చెబుతున్నాను.”

“చంపడమంటే వాంతి వచ్చేవాళ్లందరూ ఇంట్లో ఉండిపోతే, రానివాళ్ల చేతుల్లోనే తుపాకులుంటాయి. అది నీకు బాగుంటుందా?”

“యుద్ధం రాకుండా చూడాల్సిన పెద్దవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు చేయని పనికి నా పిల్లెందుకు పోవాలి?”

“వెనక బలం ఉంటేనే వాళ్ల మాట అవతలివాళ్లు వింటారని నీ తరగతిలోనే విన్నాను.”

“దానికి ఎదురు జవాబూ ఆ తరగతిలోనే విన్నావు!”

“విన్నాను. రెండూ విన్నాకే వెళ్తానంటున్నాను. భయం పోయి కాదు. దాన్ని ఇప్పుడు ఇక్కడ మీ ముందు పెట్టాను కాబట్టి. ఒక్కదాన్నే మోసుకుని వెళ్లడం నాకు చేతకాలేదు, అంతే.”

ప్రసన్నకుమార్ ఇంకా ఏవో చెప్పాడు. గట్టిగా చెప్పాడు, బల్ల గుద్ది చెప్పాడు, తరగతిలో పిల్లలు చేస్తే మార్కులు తీసేసే తప్పులన్నీ చేశాడు. ఒకచోట వాదన అయిపోయి, “నాకు నువ్వు కావాలి” అని మాత్రం అన్నాడు. తేజస్విని మెల్లగా చెయ్యి చాపి, ఆయన ముందున్న చెంచా తీసుకుని, గ్లాసును టంగుమనిపించింది.

“మారండి సార్.”

వందలమంది చేత ఆయన చేయించిన పని అది. ఒక్కటంటే ఒక్కసారి కూడా తాను చేయలేదు. చొక్కా మార్చుకున్నంత సులువని నేర్పాడు. ఇప్పుడు ఆ చొక్కా ఒంటికి అంటుకుపోయింది, ఎంత లాగినా రావడం లేదు. తరగతిలో గ్లాసు మోగగానే తడబడే కొత్త పిల్లల ముఖాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. వాళ్లను చూసి తాను నవ్వేవాడు.

సూర్యప్రభ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. తొందరపెట్టలేదు.

“వెళ్లు,” అన్నాడు ఆయన. మళ్లీ అన్నాడు. “వెళ్లు తల్లీ. ఇష్టం లేదన్నది అలాగే ఉంటుంది. అయినా వెళ్లు.”

మాడిన పప్పే ముగ్గురూ తిన్నారు. తేజస్విని ఆ రాత్రే చెన్నైకి వస్తున్నానని ఖరారు చేసింది.

మర్నాడు పొద్దున ప్రసన్నకుమార్ రైతుబజారుకు వెళ్లాడు. కౌసల్యమ్మ అదే చోట, అదే గోనెపట్టా మీద ఉంది. కాస్త ఒళ్లు తగ్గింది. ఆయన్ని చూసి, ఎన్నాళ్లయిందని గానీ ఎటు పోయావని గానీ అడగలేదు.

“బెండకాయలు లేతగున్నయ్ సారూ.”

“అమ్మా, అప్పుడు మీరొక మాట అడిగారు. నేను జవాబు చెప్పలేదు,” అన్నాడు. తర్వాత ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చిందంతా మర్చిపోయాడు. “మా అమ్మాయికి వచ్చింది. నాకిష్టం లేదు. పంపిస్తున్నాను.”

కౌసల్యమ్మ చేతిలోని తక్కెడ కింద పెట్టింది. “ఇష్టం లేదని బిడ్డకు జెప్పినవా?”

“నిన్న చెప్పాను.”

“ఏమన్నది?”

“ఏడ్చింది. నవ్వింది. వెళ్తానంది.”

ఆమె చాలాసేపు బెండకాయలు సర్దింది, సర్దిన వాటినే మళ్లీ సర్దింది. “నేను జెప్పలే సారూ. ఆనాడు నువ్వు కాదంటె నేను గూడ కాదని అందామనుకున్న. సదువు జెప్పిన సారే ఏం అనకపాయె, ఇగ నేనేం అనాలె అనుకుని, నవ్వుకుంట రైలెక్కిచ్చిన. అమ్మకు గింత బాధ ఉన్నదని పోరనికి తెల్వదు. అమ్మ మస్తు ధైర్యంగలది అని అందరికి చెప్పుకుంటడంట.”

ప్రసన్నకుమార్ తల దించుకుని విన్నాడు. చుట్టూ జనం బేరాలాడుతున్నారు, ఎవరో ఆయన కాలు తొక్కి పోయారు. ఆమె తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

“ఐతారం ఫోన్ జేస్తడు,” అంది ఆమె. “ఇప్పుడు జెప్తే ఏమన్న అయితదా? ఆడ పని మీద ఉన్నోనికి పరేషాన్ అయితదేమో. చెప్పాల్నా, వద్దా?”

అలవాటు చొప్పున ఆయన రెండు వైపులూ చూసుకోబోయాడు. కొండల్లో ఉన్న శేఖర్ గుర్తొచ్చాడు. రోజూ రాత్రి ఒక్కతే భయపడిన తన కూతురు గుర్తొచ్చింది.

“చెప్పండమ్మా,” అన్నాడు. ఆమె ఇంకా ఏదో వస్తుందేమోనని ఆయన మొహం వంక చూసింది. ఆయన అంతకుమించి ఏమీ అనలేదు.